రెండు భుజాలు, రెండు జెండాలు

మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు. కొరియన్ సీరియల్స్ అంటే చెవి కోసుకుంటుంది. ఆదివారం తెలుగు బడికి వెళ్ళమంటే వారానికో కొత్త సాకు చెప్పే పిల్ల, ఎవరూ నేర్పకుండానే కొరియన్ అక్షరాలు నేర్చేసుకుంది. ఈ మధ్య ఓ శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి 'ఫిజికల్: 100' అనే కొరియన్ పోటీ కార్యక్రమం చూపించింది. 2023లో వచ్చిందిట, తను అప్పటికే చూసేసింది, ఇప్పుడు మా కోసం రెండోసారి. వందమంది కండలు తిరిగిన ఆడా మగా కలిసి బలం తేల్చుకునే పోటీ అది. అందులోకి నలభై ఏడేళ్ళ మనిషొకాయన నడిచి వచ్చేసరికి మిగతావాళ్ళలో కలకలం బయల్దేరింది.

"నాన్నా, ఈయన చూ సంగ్-హూన్. సరంగ్ వాళ్ళ నాన్న" అంది మా అమ్మాయి.

"కాదమ్మా, ఆయన జపానాయన. పేరు అకియామా. నువ్వు పుట్టకముందే నేను ఆయన ఫైటు చూశాను" అన్నాను నేను.

ఇద్దరం పట్టు వదల్లేదు. మా ఆవిడ "ముందు ఆ గొడవ తేల్చుకోండి, తర్వాత చూద్దాం" అని టీవీ ఆపేసింది. చివరికి తేలిందేమిటంటే, ఇద్దరం చెప్పిందీ నిజమే. జపాన్‌లో ఆయన అకియామా యోషిహిరో. కొరియాలో చూ సంగ్-హూన్. మనిషి ఒక్కడే.

"అయితే అసలు ఆయన ఎవరు?" అంది మా అమ్మాయి.

ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు ఆయన కథ వినండి. కుస్తీలూ గుద్దులాటలూ మనకెందుకండీ అని పేజీ తిప్పేయకండి. ఇది మన ఇళ్ళకి సంబంధం ఉన్న కథే.

నేను మొదటిసారి చూసిన రోజు

2009 జులై 11. అప్పుడు నేను ఇంటర్నల్ మెడిసిన్‌లో రెసిడెన్సీ చేస్తున్నాను. ముప్ఫై గంటల కాల్ ముగించుకుని వచ్చి, ముగ్గురు రూమ్మేట్లతో డబ్బులు పంచుకుని కేబుల్లో ఆ పోటీ కొనుక్కున్నాం. లాస్ వేగాస్‌లో జరుగుతున్న యుఎఫ్‌సి 100. దీన్ని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. బాక్సింగ్ గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, జూడో విసుర్లు అన్నీ కలిపేసిన ఆట. నాకు దాని మీద పెద్ద మోజేమీ లేదు. నిద్ర పట్టక చూశానంతే.

జపాన్ నుంచి వచ్చిన ఒక ఆటగాడు తెల్లటి జూడో దుస్తుల్లో నెమ్మదిగా నడిచి వచ్చాడు. ఆ దుస్తుల్ని జూడోగి అంటారు. ఒక భుజం మీద జపాన్ జెండా, రెండో భుజం మీద దక్షిణ కొరియా జెండా. ఆ రెండు దేశాల మధ్య పాత పగలు తెలిసిన వాళ్ళకి ఆ రెండు జెండాలూ ఒకే చొక్కా మీద కనిపించడం ఎంత వింతో అర్థమవుతుంది. ఆ రాత్రి ఆయన అలన్ బెల్చర్ అనే అమెరికన్‌తో మూడు రౌండ్లు పోరాడాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అయినా ఇద్దరు జడ్జీలు ఆయన వైపు, ఒకరు అవతలివైపు మొగ్గడంతో గెలిచాడు. ఆ రాత్రి ఉత్తమ పోరాటంగా ఎంచినది కూడా అదే. మర్నాడు రౌండ్స్‌లో నిద్రకి తూగుతున్నా, ఆ రెండు జెండాలు మాత్రం గుర్తుండిపోయాయి.

నాలుగు తరాలైనా పరాయివాళ్ళే

అకియామా 1975 జులై 29న ఒసాకా నగరంలో పుట్టాడు. వాళ్ళది జపాన్‌లో స్థిరపడిన కొరియన్ కుటుంబం. ఆయన నాలుగో తరం. ఇలాంటి వాళ్ళని అక్కడ 'జైనిచి' అంటారు. జపాన్‌లో ఉంటున్నవాళ్ళు అని ఆ మాటకి అర్థం. నాలుగు తరాల తర్వాత కూడా 'ఉంటున్నవాళ్ళే' కాని 'ఇక్కడివాళ్ళు' కారన్నమాట.

1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. ఆ కాలంలో లక్షల మంది కొరియన్లు బతుకుతెరువు కోసం కొందరు, యుద్ధకాలంలో బలవంతపు చాకిరీకి కొందరు జపాన్ చేరారు. ఒసాకా కార్ఖానాల్లో కుదురుకున్న వాళ్ళు చాలామంది. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. మిగిలిపోయిన వాళ్ళకి 1952లో జపాన్ పౌరసత్వం పోయింది. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్ని బట్టి వస్తుంది. మన పిల్లలు ఈ దేశంలో పుట్టగానే ఇక్కడి పాస్‌పోర్టు వచ్చేసింది. అకియామా ముత్తాతల నాటి నుంచి ఒసాకాలోనే ఉన్నా ఆయన చేతిలో ఉన్నది కొరియా పాస్‌పోర్టు. గ్రీన్ కార్డు క్యూలో మనం పదేళ్ళూ పదిహేనేళ్ళూ నించుని విసుక్కుంటాం. నాలుగు తరాల క్యూని ఒక్కసారి ఊహించుకోండి.

పెళ్ళి సంబంధాల దగ్గరా, పెద్ద కంపెనీల ఉద్యోగాల దగ్గరా ఇబ్బంది వస్తుందని చాలామంది జైనిచి కుటుంబాలు బయట జపనీస్ పేరు, ఇంట్లో కొరియన్ పేరు పెట్టుకుని బతికేవి. ఇక్కడ 'సామ్' అయిపోయిన మన సాంబశివరావులకి ఆ సంగతి వేరే చెప్పాలా!

అకియామా తండ్రి కూడా జూడో ఆడినవాడే. కొడుకు చిన్నప్పుడే ఆ దుస్తులు తొడుక్కున్నాడు. జూడోని 1882లో టోక్యోలో కానో జిగోరో అనే ఉపాధ్యాయుడు మొదలుపెట్టాడు. 'జు' అంటే మెత్తదనం. అవతలివాడి బలాన్ని ఎదిరించకుండా, వాడి తూకం తప్పించి, వాడి ఊపుతోనే వాణ్ణి పడెయ్యడం అందులో కిటుకు. వీపు పూర్తిగా నేలకి ఆనేటట్టు ఊపుగా విసిరితే దాన్ని 'ఇప్పోన్' అంటారు. అంతటితో ఆట ముగిసినట్టే. జూడోలో పట్టంతా అవతలివాడి చొక్కా మీదే. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బుసాన్‌లో రెండుసార్లు

యూనివర్సిటీ చదువు ముగిశాక ఆయన ముందు రెండు దారులున్నాయి. జపాన్ పౌరసత్వం తీసుకుని అక్కడి జట్టుకి ఆడడం ఒకటి. ముత్తాతల దేశానికి వెళ్ళి కొరియా జట్టుకి ఆడడం రెండోది. 1998లో రెండోదే ఎంచుకున్నాడు. బుసాన్ నగరపాలక సంస్థ జూడో జట్టులో చేరాడు. భాష అంతంత మాత్రం. అక్కడివాళ్ళకి ఆయన ఒసాకా యాసతో మాట్లాడే జపాన్‌వాడు. జాతీయ జట్టు ఎంపిక పోటీల్లో హోరాహోరీగా ఆడిన ఆటలు జడ్జీల నిర్ణయానికి వెళ్ళేవి. ఆ నిర్ణయాలు తనకి వ్యతిరేకంగా వచ్చేవి. యూనివర్సిటీ వర్గాల బలం లేని బయటివాడినవడం వల్లనే అలా జరిగిందని ఆయన బాధ. ఆయన అభిమానులు ఇప్పటికీ అదే అంటారు. మన ఊళ్ళలో క్రికెట్ సెలెక్షన్ల కబుర్లు విన్నవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు.

అయినా 2001లో మంగోలియాలోని ఉలాన్‌బాతర్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో కొరియా తరఫున 81 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. అదే సంవత్సరం జపాన్ తిరిగి వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. భారతదేశం లాగే జపాన్ కూడా పెద్దవాళ్ళకి రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఒకటి తీసుకుంటే ఒకటి వదులుకోవాలి.

ఆ మరుసటి ఏడాది, 2002లో ఆసియా క్రీడలు జరిగాయి. ఎక్కడనుకున్నారు? బుసాన్‌లోనే. ఏ ఊళ్ళో మూడేళ్ళు చెమటోడ్చాడో అదే ఊళ్ళో, గుండె మీద జపాన్ జెండాతో దిగాడు. ఫైనల్లో ఎదురుగా నించున్నది కొరియా ఆటగాడు ఆన్ డాంగ్-జిన్. ఆట మళ్ళీ జడ్జీల చేతికే వెళ్ళింది. ఈసారి రెండు ఓట్లు అకియామాకి, ఒకటి అవతలివాడికి. బంగారు పతకం జపాన్‌కి. మర్నాడు ఒక కొరియన్ పత్రిక, మాతృదేశాన్నే ఎత్తి పడేశాడు అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది.

ఇక్కడ నా సంగతి ఒక్క ముక్క. ఈ దేశం పౌరసత్వం తీసుకున్నాక మొదటిసారి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు, అలవాటు కొద్దీ భారతీయుల వరసలో నించున్నాను. ఆఫీసరు నా నీలం పాస్‌పోర్టు చూసి, మర్యాదగానే, "మీది ఆ వరసండీ" అని పక్కకి చూపించాడు. బయట మా నాన్నగారు ఎదురు చూస్తున్నారు. "అయితే ఇంక నువ్వు మనవాడివి కావన్నమాట" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను. కారులో ఇంటిదాకా ఇద్దరం వేరే కబుర్లేవో చెప్పుకున్నాం. బుసాన్ సంగతి చదివినప్పుడు నాకు ఆ కారు ప్రయాణం గుర్తొచ్చింది.

క్రీమ్ కథ

2003లో ప్రపంచ జూడో పోటీలు ఒసాకాలో, అకియామా సొంత ఊళ్ళో జరిగాయి. అక్కడ ఆయన చొక్కా జారుతోందని కొందరు ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. చొక్కా మార్పించారు. పతకం రాకుండానే వెనుతిరిగాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి ఎంపిక కాలేదు. ఆ ఏడాదే జూడో వదిలి డబ్బుకి ఆడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి వచ్చాడు.

జపాన్‌లో అప్పట్లో డిసెంబరు 31 రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఈ పోటీలు చూసేవారు. 2004 డిసెంబరు 31న ఒసాకాలో అకియామా మొదటి ఆట ఫ్రాన్స్ బోతాతో. టైసన్‌తోనూ, లెనాక్స్ లూయిస్‌తోనూ తలపడిన హెవీవెయిట్ బాక్సరతను. గుద్దు తగిలితే ప్రమాదమే. అకియామా అతన్ని కింద పడేసి, చెయ్యి పట్టి మోచేతిని వెనక్కి విరిచే పట్టు వేశాడు. రెండు నిమిషాల్లోపే బోతా ఓటమి ఒప్పుకున్నాడు. తర్వాత జెరోమ్ లె బానర్ చేతిలో ఓడినా, 2006 అక్టోబరులో ఒకే రాత్రి ఇద్దర్ని ఓడించి 'హీరోస్' లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

అదే సంవత్సరం డిసెంబరు 31న ఒసాకాలో కజుషి సకురాబాతో ఆట. సకురాబా అంటే జపాన్ అభిమానులకి ప్రాణం. బ్రెజిల్‌కి చెందిన గ్రేసీ కుటుంబం వాళ్ళని వరసపెట్టి ఓడించిన మొనగాడు. ఆ రాత్రి అతను అకియామా కాలు పట్టుకోబోయినప్పుడల్లా పట్టు జారిపోయింది. ఒళ్ళు జారుతోందని రిఫరీకి మొరపెట్టుకుంటూనే దెబ్బలు తిన్నాడు. రిఫరీ ఆట ఆపి అకియామా గెలిచాడన్నాడు. తర్వాత విచారణలో తేలింది: ఆటకి ముందు అకియామా ఒంటికి మాయిశ్చరైజర్ క్రీమ్ రాసుకున్నాడు. రాసుకుంటున్నప్పుడు తీసిన వీడియో కూడా ఉంది. తన చర్మం పొడిబారే రకమనీ, మోసం చేసే ఉద్దేశం లేదనీ చెప్పి క్షమాపణ అడిగాడు. గెలుపు రద్దయింది. ఆటకిచ్చే డబ్బు పోయింది. గడువు చెప్పకుండా నిషేధం విధించారు.

డాక్టరుగా నేను చలికాలంలో రోజుకి పదిమందికి ఆ క్రీములు రాసుకోమని చెబుతాను. చర్మం పొడిబారడం అబద్ధం కాకపోవచ్చు. కానీ ఒక్కటి ఆలోచించండి. మన ఊళ్ళలో తాలింఖానా కుస్తీలు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పట్టుకి ముందు వస్తాదులు గుప్పెడు మట్టి తీసుకుని ఎదుటివాడి ఒంటి మీద చల్లేవారు. చెమటకి ఒళ్ళు జారకుండా, పట్టు సమానంగా చిక్కాలని. పట్టు మీదే బతికే ఆటలో పట్టు జారేటట్టు చేసుకోవడం పొరపాటైనా పెద్ద పొరపాటే. అందులోనూ అంతకు మూడేళ్ళ ముందే చొక్కా విషయంలో మాట పడ్డ మనిషి ఒకటికి పదిసార్లు చూసుకోవద్దూ! మా అమ్మాయికి ఈ భాగం నచ్చలేదు. "వదిలేయొచ్చుగా నాన్నా, ఆయన మంచివాడు" అంది. వదిలేస్తే అది కథ కాదు, భజన అవుతుందని చెప్పాను.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ తప్పు తర్వాత జపాన్‌లో వచ్చిన కోపమంతా క్రీమ్ గురించే కాదు. 2007 డిసెంబరు 31న కజువో మిసాకి అనే జపాన్ ఆటగాడు ఆయన్ని నేలకూల్చి, మైకు పుచ్చుకుని, ఇంతమందినీ, పిల్లల్నీ మోసం చేశావని అందరి ముందూ మందలించాడు. చివర్లో జపాన్‌వాళ్ళు బలవంతులు అని కూడా అన్నాడు. అకియామా చేతిలో అప్పటికి ఆరేళ్ళుగా జపాన్ పాస్‌పోర్టు ఉంది. తప్పు చేసినప్పుడు మన ఊరు మార్చేస్తారు. గెలిచినప్పుడు జపాన్‌వాడు, తప్పు చేస్తే కొరియావాడు! కొన్నాళ్ళకి మిసాకి కొట్టిన ఆఖరి తన్ను నిబంధనలకి విరుద్ధమని తేల్చి ఆ ఫలితాన్ని కూడా రద్దు చేశారు. కానీ మైకులో అన్న మాటని ఎవరు రద్దు చేస్తారు?

ఓడినా తగ్గని అభిమానం

చిత్రమేమిటంటే, జపాన్ ఈలలు వేసి తరిమిన మనిషిని కొరియా దగ్గరకి తీసుకుంది. నిషేధం తర్వాత 2007 అక్టోబరులో ఆయన మొదటి ఆట సియోల్‌లో. ఎదురుగా డెనిస్ కాంగ్. తండ్రి కొరియన్, తల్లి ఫ్రెంచి, పెరిగింది కెనడాలో. ఆయనదీ మన కథే! అకియామా మొదటి రౌండులోనే అతన్ని పడగొట్టాడు.

అసలు మలుపు 2008 ఫిబ్రవరిలో వచ్చింది. ఎంబీసీ టీవీలో బాగా పేరున్న ఒక ముఖాముఖి కార్యక్రమంలో కూర్చుని, తడబడే కొరియన్‌లో తన కథంతా చెప్పాడు. ఒసాకాలో పెరగడం, బుసాన్‌లో పడ్డ కష్టం, పౌరసత్వం మార్చుకోవడం ఎందుకో, అన్నీ. ఒక కొరియన్ ప్రేమపాట కూడా పాడాడు. ఆరేళ్ళ కిందట ఇంచుమించు ద్రోహి అన్న దేశం, ఇతన్ని మనం సరిగ్గా చూసుకోలేదు అనుకుంది. ఆ తర్వాత వాణిజ్య ప్రకటనలు, ఫ్యాషన్ పత్రికలు అన్నీ వెంటపడ్డాయి. ఆయన సోకుల్ని చూసి అమెరికన్ అభిమానులు పెట్టిన ముద్దుపేరు ఒకటుంది కానీ, పిల్లలు కూడా చదివే ఈ సంచికలో అది రాయడానికి మొహమాటంగా ఉంది.

నిజానికి అమెరికాలో ఆయన లెక్క గొప్పదేం కాదు. యుఎఫ్‌సిలో 2009 నుంచి 2015 దాకా ఏడు ఆటలు ఆడి రెండే గెలిచాడు. కానీ మొదటి మూడు ఆటలూ ఆయా రాత్రుల ఉత్తమ పోరాటాలుగా ఎంపికయ్యాయి. అందులో రెండు ఓడినవే. 2010లో క్రిస్ లెబెన్‌తో ఆటలో పదిహేను నిమిషాల్లో ఇరవై సెకన్లు మాత్రమే మిగిలుండగా, లెబెన్ కాళ్ళతో మెడ చుట్టూ బిగించిన పట్టుకి లొంగిపోయాడు. మెడలో రెండువైపులా రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది. అక్కడ మొండితనం పనికిరాదు. నష్టం ఒప్పుకోవడం తెలియాలి.

కొరియాలో ఇంటింటికీ చేర్చినది మాత్రం ఆటలు కాదు, కూతురు. 2009లో యానో షిహో అనే జపాన్ మోడల్ని పెళ్ళి చేసుకున్నాడు. 2011లో పాప పుట్టింది. సరంగ్ అని పేరు. కొరియన్‌లో ప్రేమ అని అర్థం. తల్లులు రెండురోజులు ఇల్లు విడిచి వెళితే తండ్రులు పిల్లల్ని ఎలా చూసుకుంటారో చూపించే కేబీఎస్ కార్యక్రమంలో 2013 నుంచి తండ్రీకూతుళ్ళు కనిపించారు. పిడిగుద్దులు తిన్న ఆ చేతులు చంటిపిల్లకి అన్నం తినిపించడం చూసి కొరియా మురిసిపోయింది. ఇంట్లో ఆ పిల్ల జపనీస్, కొరియన్ కలిపి మాట్లాడేది. మన ఇళ్ళలో తెలుగూ ఇంగ్లీషూ కలిపినట్టే.

చివరగా ఒక్కటి. 2022 మార్చి 26న సింగపూర్‌లో షిన్యా ఆవోకితో తలపడ్డాడు. తనకి నలభై ఆరు, ఆవోకికి ముప్ఫై ఎనిమిది. మొదటి రౌండులో ఆవోకి వీపు మీదెక్కి మెడ పట్టుకుని వదల్లేదు. ఇంక అయిపోయిందనుకున్నారు. రెండో రౌండులో అకియామా గుద్దుల వర్షం కురిపించి గెలిచాడు. కాల్ డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కడానికే ఆయాసపడే నా వయసువాళ్ళకి ఆ ఆట మందులా పనిచేస్తుంది.

మా అమ్మాయి ప్రశ్న

ఇంతకీ ఆ రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదో చెబుతానన్నాను కదా. "అసలు ఆయన ఎవరు?" అని అడిగాక మా అమ్మాయి ఇంకో మాట కూడా అంది. "స్కూల్లో నన్ను నువ్వు నిజంగా ఎక్కడి దానివి అంటారు. ఇండియా వెళితే అమెరికా పిల్ల అంటారు. మన అసోసియేషన్‌లో కూడా పోయినసారి పండక్కి స్టేజి మీద ఒక అంకుల్, మీరు ఇండియన్సా అమెరికన్సా చెప్పండి అని మైకు పెట్టారు. నాకేం చెప్పాలో తెలీలేదు. అందరూ నవ్వారు." ఆ అంకుల్ మంచి మనసుతోనే అడిగి ఉంటారు. నిజం చెప్పాలంటే అంతకుముందు ఏడు ఆ మైకు నా చేతిలోనే ఉంది. అదే ప్రశ్న వేరే పిల్లల్ని నేనూ అడిగాను.

అకియామా ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేదు. ఎడమ భుజమా కుడి భుజమా అంటే ఏం చెబుతాడు? ఒకరు ఆ పేరుతో పిలిస్తే పలికాడు, ఇంకొకరు ఈ పేరుతో పిలిస్తే పలికాడు. గెలిచాడు, తప్పు చేశాడు, క్షమాపణ చెప్పాడు, ఓడాడు, మళ్ళీ లేచాడు. జవాబు దొరికాక బతుకుదామని కూర్చోలేదు.

అంచేత పెద్దలందరికీ నాదొక మనవి. ఈసారి పండక్కి పిల్లలు స్టేజి ఎక్కినప్పుడు పేరు అడగండి, ఏ పాట పాడతావని అడగండి, పులిహోర తిన్నావా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం వద్దు. మైకు ఈసారి మళ్ళీ నాకే ఇస్తామంటున్నారు కమిటీవారు. నేను అడగనని మా అమ్మాయికి మాటిచ్చాను. బదులుగా తను ఈ నెలంతా తెలుగు బడి మానకుండా వెళ్ళింది.